అంచున నిలబడే మనిషి

నాన్నా,

ఇవాళ ఫిల్మ్ నగర్ స్టూడియోలో కోట సెట్‌ని ఫొటో తీశాను. రేపు పడగొట్టేస్తారట. నీ పాత వైడ్ యాంగిల్ లెన్స్‌నే లెన్స్‌ని విడిగా పైకీ కిందికీ జరపగలిగే నా కొత్త టెక్నికల్ కెమెరాకి బిగించాను.

"మేడం, కెమెరా జర పైకెత్తండి, బురుజు కట్ అయితుంది" అన్నాడు ఆర్ట్ డైరెక్టర్. నేను ఎత్తలేదు. ఎత్తితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయని నువ్వేగా నేర్పావు. కెమెరాని కదపకుండా లెన్స్‌ని మాత్రం పైకి జరిపాను. బురుజు మొత్తం వచ్చింది, గోడలు తిన్నగా నిలబడ్డాయి.

తర్వాత యూనిట్ అంతా గ్రూప్ ఫొటో అన్నారు. టైమర్ పెట్టి, నీలాగే పరుగెత్తి వరస చివర్లో నిలబడ్డాను. అంచున ఉన్నవాళ్లని ఈ లెన్స్ సాగదీస్తుందిగా. అందుకే బక్కపలచని నువ్వు ప్రతి సినిమా గ్రూప్ ఫొటోలోనూ లావుగా ఉంటావు. ఇంట్లో దండ వేసిన నీ ఫొటో కూడా అలాంటిదాంట్లోంచి కత్తిరించిందే.

కంప్యూటర్‌లో నన్ను సన్నగా సరిచెయ్యడం నాకు చిటికెలో పని. ముందు అమ్మకి చూపించాను. నా బుగ్గలు చూసి పకపకా నవ్వింది.

"అచ్చం మీ నాన్నేనే" అంది.

అలాగే ఉంచేశాను.