నినాదం అయ్యాక

తమ్మీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పాలకుర్తిలో తెలంగాణ దీక్షా శిబిరం ఇంకా నడుస్తోంది. నీలా ఇంకెవరూ ప్రాణం తీసుకోకూడదని, నినాదాలయ్యాక దవాఖాన డాక్టరు మగవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాడు.

ఇవాళ నీ దోస్తు యాకూబ్ వంతు. "ఎట్లున్నవ్?" అని డాక్టరు అడిగితే, పిడికిలెత్తి "జై తెలంగాణ" అన్నాడు. అలవాటుగా మేమంతా అందుకున్నాం.

"ఉద్యమం సంగతి కాదు బిడ్డా, జర నీ సంగతి చెప్పు," అన్నాడు డాక్టరు.

యాకూబ్ పిడికిలి దించలేదు. అలాగే నావైపు తిరిగి, "అన్నా, ఒక్కన్నే ఉంటె భయమైతాంది," అన్నాడు.

మనింటికే తీసుకొచ్చాను. అన్నం ముట్టకుండానే నీ గదిలో పడుకున్నాడు. ఆ తలుపుకు లోపలి గడియ లేదు, నువ్వు పోయిన మర్నాడే పీకేశాను. అయినా మాటిమాటికీ లేచి తోసి చూస్తున్నాను.

మీ అన్న