కుమారి శేషు తుంటి ఎముక

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఎక్స్‌రే వచ్చింది. ఆయన కుడి తుంటి అరిగిపోయింది. డాక్టరు గారు ఫిల్ము వెలుతురుకి పెట్టి, ఇక్కడ గుజ్జుండాలమ్మా, ఇప్పుడు ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి అన్నారు. మాత్రలతో ఇంకో ఏడాది నెట్టుకురావచ్చు గానీ మనిషి మంచం మీదే ఉంటాడట. తుంటి మార్చాలి. రెండు లక్షల అరవై వేలు.

ఈ నోట్‌బుక్‌లో ఇన్నాళ్ళూ పాలు, గ్యాసు, చీటీ తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ్టి నుంచి ఇదీ రాస్తాను. ఎవరేమన్నారో తేదీతో సహా ఉండాలి. రేపెవరైనా నేనలా అనలేదమ్మా అంటే తీసి చూపించాలి.

వివరాలు. రోగి: మావారు ఆదిశేషయ్య, యాభై ఎనిమిదేళ్ళు. ఉద్యోగం: బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు. బేరానికొచ్చిన ఆడవాళ్ళ ముందు చీర తన భుజం మీదే వేసుకుని చూపిస్తారు, రోజుకి పది గంటలు నిలబడి. అసలు పని: పౌరాణిక నాటకాల్లో ఆడవేషాలు, ముప్పై ఏళ్ళు. ఇన్సూరెన్సు: లేదు. ఆరోగ్య కార్డు: ఉండేది. మూడు వాటాల ఇంటికి ఒకటే కరెంటు మీటరు, అది మా ఆధార్‌కి లింకయి ఉంది. యూనిట్లు ఎక్కువయ్యాయని పోయినేడు తీసేశారు. అర్జీ మూడుసార్లు పెట్టాను.

నాలుగోసారి కూడా పెట్టాను.

6 ఫిబ్రవరి, గురువారం

కిరీటి అనే ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. పాలసీ ఇప్పుడు తీసుకోవచ్చండీ, కాకపోతే కీళ్ళకి మూడేళ్ళు వెయిటింగు అన్నాడు. ఆ మూడేళ్ళు ఆగమని తుంటికి మీరే చెప్పండి బాబూ అన్నాను. నేను జోకేశాననుకుని నవ్వాడు.

సార్ ఏం చేస్తారండీ అని అడిగాడు. ఆర్టిస్టు అన్నాను. సినిమాలాండీ అన్నాడు. నాటకాలు అన్నాను. ఫారంలో 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాడు.

10 ఫిబ్రవరి, సోమవారం

గాంధీనగర్‌లో రంగస్థల కళాకారుల సహాయ ట్రస్టు ఒకటుందని తెలిసింది. కార్డు ఇస్తారు, ఆపరేషనుకి రెండు లక్షల దాకా కడతారు. ఆఫీసు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయన్ని కింద టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి నేనే ఎక్కాను.

డయానా అనే అమ్మాయి ఉంది అక్కడ. చలాకీ మనిషి. పదేళ్ళ అనుభవానికి ఆధారాలు అడిగింది. పద్నాలుగు ఫోటోలు, తొమ్మిది కరపత్రాలు, వరసగా నంబర్లు వేసి ఇచ్చాను. కరపత్రాల్లో ఆయన పేరు 'కుమారి శేషు' అని ఉంటుంది. ఆడమనిషి వస్తుందంటే జనం ఎక్కువ పోగవుతారని నాటకం పెట్టించేవాళ్ళు అలా అచ్చు వేసేవారు. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు.

డయానా ఫోటోలు చూసి, అబ్బ, ఎంత బావున్నారండీ ఆంటీ, ఏం కళ్ళండీ అంది. ఆ మాట నిజమే. థాంక్స్ అమ్మా అన్నాను. దరఖాస్తుదారు అన్నచోట సంతకం పెట్టమంది. ఆయన మెట్లెక్కలేరు కాబట్టి నేనే పెట్టాను.

కిందికి దిగి, మీ కళ్ళు బావున్నాయంది ఆ పిల్ల అని చెప్పాను. టీ ఇంకొకటి తాగారు.

27 ఫిబ్రవరి, గురువారం

కార్డు వచ్చింది.

కళాకారిణి: నాగవేణి. కుటుంబ సభ్యుడు: ఆదిశేషయ్య (భర్త).

నాగవేణి నేను. నేను జన్మలో స్టేజీ ఎక్కలేదు.

ఎక్కడ జరిగిందో కూర్చుని ఆలోచించాను. బావున్నారండీ ఆంటీ అంది. ఆ పిల్ల నన్నంది. నేను ఆయన్ని అందనుకున్నాను. 'ఉన్నారు' అన్న మాటలో ఆడా లేదు, మగా లేదు.

28 ఫిబ్రవరి, శుక్రవారం

డయానాకి ఫోన్ చేశాను. అయ్యో ఆంటీ, ఆ ఫోటోలో ఉంది అంకులా అని ఒకటే నవ్వు. తర్వాత గొంతు తగ్గించి మంచి మాటే చెప్పింది. కరెక్షన్ పెడితే ఫైలు వెనక్కెళ్ళిపోద్ది, ఆ ఫోటోలో ఆవిడ అంకులేనని మీరు రుజువు చేయలేకపోతే రిజెక్టయిపోద్ది, మళ్ళీ వచ్చే ఏడాదే. అలా వదిలేయండి ఆంటీ. భర్తకి కూడా కవరేజీ ఉంది, ఆపరేషన్ అయిపోద్ది. పన్నెండో తారీఖున వెరిఫికేషన్ సార్ ఇంటికొచ్చి ఓ పద్యం పాడమంటారు, అంతే.

ఆయన మంచం మీద నుంచి అంతా విన్నారు.

1 మార్చి, శనివారం

పేరేదైతేనేం, ఉంచెయ్ అన్నారు. 

4 మార్చి, మంగళవారం, మధ్యాహ్నం 3

పన్నెండో తారీఖుకి నేను కుమారి శేషు కావాలి. ఆయన నేర్పిస్తున్నారు.

పద్యాలు నాకు కొత్త కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన అప్పజెబుతుంటే పుస్తకం పట్టుకుని తప్పులు దిద్దినదాన్ని. అన్నీ నోటికి వచ్చు. గొంతే లేదు. నేను ఒక పద్యం ఎత్తుకుంటే ఆయన కళ్ళు మూసుకున్నారు. రేషన్ షాపులో పేర్లు పిలుస్తున్నట్టుందే అన్నారు.

తర్వాత నడక. వంటింటి గుమ్మం నుంచి టీవీ దాకా నడవమన్నారు. నడిచాను. ఆడది అలా నడుస్తుందా అన్నారు. మరి ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నడిచిందెవరండీ అన్నాను. గ్యాసు బండ దొర్లిస్తున్నట్టుంది అన్నారు. ఎక్స్‌రే వచ్చాక ఇద్దరం నవ్వడం ఇదే మొదలు.

ఇలా చూడు అని లేచారు. లుంగీ, బనీను, నాలుగు రోజుల గడ్డం. తువ్వాలు పైటలా వేసుకుని ఒక అడుగు వేశారు, ఇంకొకటి, ఇంకొకటి. మా ఇంటి ముందుగది ఎంత చిన్నదో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ నడవడానికి చోటు చాలలేదు. నాలుగో అడుక్కి తుంటి పట్టేసింది. గోడ పట్టుకుని జారి కూలబడ్డారు. లేపబోతే చెయ్యి విదిలించారు.

గోడకి ఆనుకునే, నీకు రాదే అన్నారు. తిట్టినట్టు లేదు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది.

5 మార్చి, బుధవారం

నాకు రాదు. రానిది వచ్చని చెప్పను.

పొద్దున్నే ఆయనతో అనేశాను. కార్డు మీ పేరు మీదికి మార్పిస్తాను, ఆ తర్వాతే ఆపరేషను. నీకు పిచ్చా నాగా, చేతికొచ్చింది పోతే ఎలా అన్నారు. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి మీరు సంపాదించుకుంది ఆ పేరొక్కటే, అది కూడా నేనే తీసేసుకోనా అన్నాను. నొప్పి నాది, నీది కాదు అన్నారు.  అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ట్రస్టు వాళ్ళ నిబంధనల పుస్తకం పద్నాలుగు పేజీలు. రెండుసార్లు చదివాను. తొమ్మిదో నిబంధన: ఆఫీసులో నమోదు పొరపాటైతే, గుర్తింపు ఆధారం, తోటి కళాకారుడి ప్రమాణపత్రం చూపితే పాత తేదీతోనే సరిచేస్తారు. ఈ సంగతి డయానాకి కూడా తెలియదు.

గుర్తింపు అంటే ఏమిటి? ముఖానికి రంగు. జుట్టు సవరం. నడుము, ఛాతీ అన్నీ కట్టినవే. రంగు మార్చలేనిది ఒకటుంది. ఎడమచేతి చిటికెన వేలు. పెడనలో చిన్నప్పుడు మగ్గం దగ్గర విరిగి వంకరగా అతుక్కుంది.

భూతద్దం పెట్టి ఇంట్లో ఉన్న అరవై మూడు ఫోటోలూ చూశాను. ఒక్కదాంట్లోనూ ఆ వేలు లేదు. ప్రతి దాంట్లో పైట అంచు కింద దాచేశారు. శేషు పైట పట్టుకునే తీరే వేరు అని జనం చెప్పుకునేవారు, కుర్రవాళ్ళు నేర్చుకునేవారు. అది వంకర వేలు దాచుకోవడం.

ఒక్క ఫోటో ఉండాలి. పెళ్ళి సీను. అందులో మొగుడి వేషం వేసినాయన ఈయన చెయ్యి పట్టుకుంటాడు. అది మా దగ్గర లేదు. ఆ మొగుడి దగ్గర ఉంది.

8 మార్చి, శనివారం

హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. హైవే పక్కన జక్కయ్య గారి పంక్చర్ షాపు. పద్దెనిమిదేళ్ళు స్టేజీ మీద మా ఆయనకి మొగుడు. పన్నెండేళ్ళుగా మాటల్లేవు. గుడివాడ పోటీల్లో జక్కయ్య గారు తన పద్యాలకి మూడు వన్స్‌మోర్‌లు తీసుకున్నారు. టైము అయిపోయి, ఈయన ఆఖరి పద్యానికి ముందే తెర వేసేశారు.

లారీ టైరు విప్పుతున్న మనిషి నన్ను చూసి లేచారు. రా చెల్లెమ్మా, ఇవాళ ఆడోళ్ళ దినోత్సవమంటగా, మా ఆవిడెట్టా ఉంది అన్నారు. ఎవర్ని అడుగుతున్నారో నాకు అర్థమైంది. తుంటి అరిగిపోయిందన్నయ్య గారూ, మంచం మీద ఉంది అన్నాను. నవ్వు ఆగిపోయింది.

లోపల్నుంచి వాళ్ళావిడ తెరేసమ్మ వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఆ సవితితో వేగాను, ఇప్పుడు దాని ఆసుపత్రి ఖర్చుకి నా మొగుడి సంతకం కావాలా వదినా అంటూనే అన్నం వడ్డించింది.

ఆ ఫోటో పంక్చర్ షాపు గోడకే ఉంది, మేరీ మాత కేలండరు పక్కన. ఈయన చెయ్యి జక్కయ్య గారి చేతిలో ఉంది. వేలు స్పష్టంగా ఉంది.

ఇస్తాను గానీ ముందు వాణ్ణి ఒక్క ఫోన్ చెయ్యమను అన్నారు జక్కయ్య గారు. చెయ్యరు అన్నాను. ఆ రోజు మీ మూడు వన్స్‌మోర్‌లకి పదకొండు నిమిషాలు పట్టింది, నేను సైడ్ వింగులో వాచీ చూస్తూనే ఉన్నాను, ఫోన్ మీరే చెయ్యాలి, దానికీ సంతకానికీ సంబంధం లేదు, పెట్టండి అన్నాను. చెల్లెమ్మా నువ్వు మామూలు దానివి కాదు అన్నారు. తెరేసమ్మ, పెట్టవయ్యా అంది.

నోటరీ దగ్గరికి జక్కయ్య గారే తీసుకెళ్ళారు. 'పై ఫోటోలో నా భార్యగా నటించిన వ్యక్తి పురుషుడని, పేరు ఆదిశేషయ్య అని ప్రమాణం చేస్తున్నాను.' నోటరీ రెండుసార్లు చదువుకుని ముద్ర వేశాడు.

12 మార్చి, బుధవారం, సాయంత్రం 6

వెరిఫికేషన్ సార్ ఇశ్రాయేలు గారు వచ్చారు. పెద్దమనిషి. మంచినీళ్ళు తాగి, కళాకారిణి గారు మీరేనాండీ అన్నారు. కాదండీ, ఈయన అని చూపించి ఫైలు ముందు పెట్టాను.

అంతా చదివి తల పట్టుకున్నారు. ఎందుకమ్మా తిరగదోడతారు, ఒక పద్యం అనేయండి, కళ్ళు మూసుకుని సంతకం పెట్టి పోతాను అన్నారు. కళ్ళు తెరిచే పెట్టండి సార్ అన్నాను. పెళ్ళి సీను ఫోటోలో వేలు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. అది చూపించి, ఏమండీ, చెయ్యి ఇటు పెట్టండి అన్నాను.

ఆయన పెట్టలేదు. చెయ్యి దుప్పటి కింద ఉంది. ముప్పయ్యేళ్ళు దాచానే, ఎర్రసిరాతో చుట్టావు నువ్వు అన్నారు నాతో, ఆ సార్ అక్కడ లేనట్టే. చుట్టాను, పెట్టండి అన్నాను.

పెట్టారు. ఇశ్రాయేలు గారు ఫోటో పక్కన చేతిని పెట్టి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశారు. తర్వాత పద్యం అడిగారు, నిబంధన కాబట్టి. ఈయన దిండుకి ఆనుకుని ఎత్తుకున్నారు. పక్క వాటాల వాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. మా ఇంట్లో ఎవరో ఆడమనిషి దిగిందనుకుని చూడ్డానికి వచ్చారు.

ఫారం దగ్గర మళ్ళీ ఆగారు. లింగం? పురుషుడు అన్నాను. కళ? స్త్రీ పాత్ర అన్నాను. రెండూ కలిపితే కంప్యూటర్ తీసుకోదేమోనమ్మా అన్నారు. తీసుకునేదాకా కొట్టమనండి అన్నాను.

17 మార్చి, సోమవారం

ట్రస్టు నుంచి ఫోన్ రాలేదు. జక్కయ్య గారి నుంచి వచ్చింది. ఇద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు, అందులో ముప్పై నిమిషాలు తిట్లే.

21 మార్చి, శుక్రవారం

ఫోన్ రాలేదు. నేనే చేశాను. సర్వర్ డౌన్ అంది డయానా. రేపు కూడా చేస్తానన్నాను. వద్దు ఆంటీ అంది. చేస్తాను.

22 మార్చి

చేశాను.

24 మార్చి

రెండుసార్లు. ఆయన రాత్రంతా మూలిగారు. ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అన్నా బావుండేది.

26 మార్చి, బుధవారం

కళాకారుడు: ఆదిశేషయ్య. పురుషుడు. విభాగం: స్త్రీ పాత్ర.

కంప్యూటర్ తీసుకోలేదట. డయానా స్కెచ్ పెన్నుతో రాసి, మీద స్టాంపు వేసి, రెండు అంతస్తులూ దిగొచ్చి, కింద టీ కొట్టు దగ్గర కూర్చున్న ఆయన చేతికే ఇచ్చింది. సారీ అంకుల్ అంది. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, కుమారి అని వెయ్యలేదే అన్నారు.

3 ఏప్రిల్, గురువారం

ఆపరేషన్ అయింది. మూడు గంటలు. రెండు లక్షలు ట్రస్టు, అరవై వేలు నా చీటీ. బాకీ లేదు.

5 ఏప్రిల్, శనివారం

ఫిజియో అమ్మాయి వాకర్ ఇచ్చి నిలబెట్టింది. అడుగులు ఎడంగా వెయ్యాలి, కాలు కాలు మీదికి రాకూడదు, నడుము తిప్పకూడదు సార్ అంది. ఎన్నాళ్ళమ్మా అని అడిగారు. ఎప్పటికీ అంది.  తర్వాత నడిచారు. మూడో అడుక్కి ఆ అమ్మాయి అరిచింది, సార్, నడుము!