బద్దెపురుగు తల

కడప,
మంగళవారం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు స్తుతి వందనాలతో రాసేది. ఆలూరులో నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని, గొర్రెలు సుఖంగా ఈనుతున్నాయని తలుస్తాను. ఇక్కడ ఎండలు ముదిరాయి, హాస్టలు సాంబారు మాత్రం పలచగానే ఉంది. ఫోనులో నీకు వినపడదు, నేను అరిస్తే హాస్టలంతటికీ వినపడుతుంది. మనకు ఈ ఉత్తరాలే సుఖం.

ఇంత చదివి పురుగులు ఏరుకోవడమేమిటని అడిగావు. పరిశోధన కోసం నేను గొర్రె పేగులు తెచ్చుకునే కసాయి మస్తాన్‌దీ అదే మాట. "కూర ఇడిచిపెట్టి పేగులు యాడికి తీసకపోతాండావు పాపా?" అని రోజూ నవ్వుతాడు. నవ్వనీ. మన గొర్రెలకు మందు పోస్తే బద్దెపురుగు ముక్కలై పడిపోతుంది. తల పేగుకు అంటుకొని మిగిలితే మళ్ళీ పెరుగుతుంది. ఆ తలలో కొన్ని నరాల కణాలు హార్మోను ఊరిస్తాయి. పెరగమని కబురు పంపేది అదేనేమోనని మా మేడమ్ అనుమానం. రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తే నేరేడు పళ్ళ గుత్తిలా ఉంటాయి. నాకు భలే ముచ్చట. నువ్వు మూతి తిప్పుకుంటావని తెలుసు.

ఇక నీ అసలు మాట. "నీ తలనొప్పి పోయిందని పాస్టరు అయ్యగారితో చెప్పినా. ఆదివారం చర్చిలో దేవుడు నయం చేసినాడని సాక్ష్యం చెప్పాల నువ్వు" అని రాశావు.

పోలేదమ్మా, పోయిందని ఊరికే రాశాను. పోయిన నెల ల్యాబులో ఫిట్స్ వచ్చి పడిపోయాను. స్కాన్ తీస్తే మెదడులో చిన్న తిత్తి కనపడింది. అది బద్దెపురుగు పిల్ల. నేను కోసే గొర్రె పురుగుది కాదు, పంది పురుగుది. కడగని ఆకుకూరతో పురుగు గుడ్డు లోపలికి పోయి ఉంటుందని డాక్టరు అన్నారు. నయమవుతుందట, మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదట. చాలా భయపడ్డాను. నీకు చెప్పడానికి ఇంకా భయపడ్డాను.

ఎందుకో నీకూ తెలుసు. మన చర్చిలో సాక్ష్యం చెప్పినవాళ్ళు మళ్ళీ మాత్ర ముట్టరు. ముడితే విశ్వాసం లేదంటారు. వసంతకుమార్ మామ అట్లే ఫిట్స్ మాత్రలు మానేశాడు. బావి గట్టున ఫిట్స్ వచ్చి నీళ్ళలో పడ్డాడు. నీ తమ్ముడి సమాధి దగ్గర నువ్వు ఎలా ఏడ్చావో నేను మరిచిపోలేదు.

ఆదివారం వస్తాను. సాక్ష్యమూ చెప్తాను. నా తలలో పురుగు ఉందని, దేవుడే ఒక డాక్టరును చూపించాడని చెప్పి, అందరి ముందే మాత్ర వేసుకుంటాను. నువ్వు ఆడవాళ్ళ వైపు చాప మీంచి లేచి నీళ్ళ గ్లాసు తెచ్చివ్వాలి. నువ్వు లేచేదాకా మాత్ర నాలుక మీద పెట్టుకొని నిలబడే ఉంటాను.

ఇట్లు,
నీ కూతురు
స్తుతి