తెర లాగినవాడి పేరు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు రెండేళ్ళు. నీ కూతురు పొద్దున్నే నీ ఫోటోకు దండ వేసి, నా ఫోను లాక్కుని జపాను బొమ్మల కథ పెట్టుకుంది. ఇంకో వారంలో ఎస్సెస్సెల్సీ పరీక్షలు. చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

కథేమిటంటే, భూమి అడుగున రాక్షసుల కోట. వీరులు వచ్చి, అందరినీ చంపి, నిధి ఎత్తుకుపోతారు. వాళ్ళు వెళ్ళాక పెట్టెలు మళ్ళీ నింపేదీ, విరిగిన తలుపులు బిగించేదీ, అస్థిపంజరాలకు ఎముకలు అతికించేదీ అక్కడ పనికి చేరిన ఒక అమ్మాయి. కథంతా ఆ చాకిరే.

"ఇందులో చూసేదానికి ఏముండాది పాపా?" అని కసిరాను.

"నాటకాల్లో మా నాయన పనీ ఇదే కదత్తా," అంది.

నాకు ఒళ్ళు మండింది. బాగేపల్లి నాటకంలో నువ్వు తెర లాగడం మరిచి, సందులోంచి ఆట చూస్తూ నిలబడ్డావు. దోమ కుట్టి, చచ్చిపడిన రాక్షసుడు కాలు గోక్కున్నాడు. చివర్లో మైకులో వేషాలు కట్టినవాళ్ళ పేర్లు, హార్మోనియం మాస్టరు పేరు, షామియానా వేసినవాడి పేరు కూడా చదివారు. నీది చదవలేదు. చింతామణి ఊళ్ళోనూ మండికల్‌లోనూ అంతే.

బొమ్మల కథ ముగిసి పేర్లు మొదలయ్యాయి. ఆపబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండత్తా, పని చేసినోళ్ళ పేర్లు వస్తాండాయి."

దానికి జపాను అక్షరం ఒక్కటి రాదు. అయినా చివరి పేరు పోయేదాకా కదల్లేదు. పక్కన నేనూ కూర్చున్నాను. పొయ్యి మీద సంగటి మాడిపోయింది.