కీచురాయి విడిచిన అంగీ

నేను ముత్తమ్మను, డెబ్బై దాటినదాన్ని. భేజ్జిలో కోడలు లక్ష్మితో ఉంటున్నాను. పోయిన నా పెనిమిటికి ఈ ఉత్తరం ఆమె చేత రాయిస్తున్నాను.

మామా, మన తగవు నేనే గెలిచాను! వేసవిలో చెట్టుకు అతుక్కున్న కీచురాయి డొల్ల చూపించి, "అరిసి అరిసి ఈపు పగిలి సచ్చింది. నువ్వూ గట్లనే పగుల్తవ్" అనేవాడివి. "సావలే మామా, అంగీ ఇడిసి పోయింది" అనేదాన్ని.

ఈ పొద్దున తునికాకు కోస్తూ చూశాను. డొల్ల వీపు చీల్చుకుని మెత్తటి పచ్చని పురుగు బయటికొచ్చింది! "ఏందే ముసలీ, ఆకు కొయ్యవా?" అన్న తోటి కూలీ ఎర్రమ్మను సాక్ష్యానికి పట్టి నిలబెట్టాను. రెక్కలు ఆరగానే అది కీచురాళ్ల రొద మోగుతున్న పైకొమ్మల్లోకి ఎగిరిపోయింది.

ఖాళీ డొల్లను నీ సమాధి మీద పెట్టాను. ఓడిపోయానని నువ్వు ఒప్పుకునేదాకా తియ్యను.

ఇది ముత్తమ్మ వేలిముద్ర. కళ్లారా చూసిన సాక్షి ఎర్రమ్మ, రాసిన సాక్షి లక్ష్మి.