నాకు మాత్రం చెప్పని మాట

మేరీ,

ఈ ఉదయం మన తిరువూరులో సరదా పరుగు జరిగింది. చక్రాల కుర్చీల వాళ్లు, ముసలివాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, ఎవరైనా రావచ్చన్నారు. పోలియో కాలితో, చేతికర్ర పట్టుకుని నేనూ వెళ్లాను. నిరుడు నువ్వే కదా, "వచ్చే ఏడు ఇద్దరం నడుద్దామే, నీ పక్కనే ఉంటా" అన్నావు. ఆ వేసవిలోనే పోయావు. ఉన్నట్టుండి గుండె ఆగిందన్నారు, నమ్మాను.

బస్టాండు దాటాక మీ వదిన నాతో నడుస్తూ, "నిరుడు నీ పక్కనే నడుస్తానని అనేటప్పటికే దానికి క్యాన్సరని తెలుసు సుజాతా. మా ఇంట్లో అందరికీ తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది" అంది.

"ఎందుకు వదినా?"

"నువ్వు తట్టుకోలేవని."

ఊరంతా నా కాలు చూసి జాలిపడుతుంటే, నన్ను గట్టిదానివన్నది నువ్వొక్కదానివే. అదీ పైపై మాటేనన్నమాట. నీ మంచం పక్కన కూర్చునే రోజులు కూడా నాకు లేకుండా చేశావు.

వదిన ఆటో ఎక్కుదామంది. నేను ఎక్కలేదు. అందరికన్నా చివర గ్రౌండుకి చేరితే మెడలో పతకం వేసి చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చే దారిలోనే మీ చర్చి సమాధులున్నాయి. ఎప్పుడూ నీ దగ్గర కాసేపు ఆగేదాన్ని. ఇవాళ తల తిప్పకుండా వచ్చేశాను.

సుజాత