చెరి సగం మాత్రలు

ఏమండీ,

ఎదురుగా చెప్పాలంటే నాకు నోరు పెగలదు. అందుకే రాసి మీ కళ్లజోడు కింద పెడుతున్నాను.

మూత్రంలో మంట మళ్లీ మొదలైంది. ఈరోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, మీరు ఆసుపత్రికి రానన్నందుకు పోయినసారి నాకిచ్చిన మాత్రలే ఇద్దరం చెరి సగం వేసుకున్నామని ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"చాక్లెట్లా తల్లీ, పంచుకోవడానికి? ఇది కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. సగం మందుతో ఇద్దరికీ తగ్గదు. ఆయనకు తగ్గకపోతే నీకు మళ్లీ వస్తుంది" అన్నారు. వదిలేస్తే పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చట.

"దున్నపోతులా ఉన్నాను, నాకేం జబ్బు?" అంటారు మీరు. పైకి ఏమీ తెలియకుండా కూడా ఉంటుందట. ఎప్పటి నుంచి ఉందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పరీక్ష చెప్పదట. నేనూ అడగను. మీకు చెప్పాలనిపిస్తే వింటాను.

రేపు ఉదయం నాతో రండి. సిగ్గయితే అక్కడి బల్లమీద తల వంచుకునే కూర్చోండి, పక్కన నేనూ అలాగే కూర్చుంటాను.

రాకపోతే నా మందు నేను పూర్తిగా వేసుకుంటాను. మీకు నయమయ్యేవరకు అత్తయ్య గదిలో పడుకుంటాను. ఎందుకని ఆవిడ అడిగితే మీరే చెప్పుకోండి.